కార్తెల గోపురం: లేపాక్షి సంస్థకు బత్తలపల్లె నుంచి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ హస్తకళల అభివృద్ధి సంస్థ 'లేపాక్షి' అధ్యక్షులకు, మేనేజింగ్ డైరెక్టర్ గారికి:

మీ సంస్థ పేరులో ఉన్న లేపాక్షి, ఈ ఉత్తరం బయల్దేరుతున్న బత్తలపల్లె ఇవాళ ఒకే జిల్లా ఊళ్లు. 2022 ఏప్రిల్ 4న అనంతపురం నుంచి శ్రీ సత్యసాయి జిల్లా విడిపోయినప్పుడు రెండూ ఇటే వచ్చాయి. లేపాక్షి వీరభద్రాలయం నాట్యమండపంలో నేలకు పూర్తిగా ఆనని స్తంభం ఒకటుంది. చూడవచ్చిన వాళ్లు కండువానో కాగితాన్నో ఒక పక్క దూర్చి రెండో పక్క లాగుతారు. కింద సందున్నా మండపం చెక్కుచెదరలేదు. ఆ స్తంభం మోయవలసిన బరువును చుట్టుపక్కల స్తంభాలు పంచుకున్నాయి.

కర్రముక్కలు పేర్చి, ఒక్కొక్కటే లాగి, పైన పెట్టే ఆట మొత్తం ఈ సూత్రం మీదే నడుస్తుంది. వరుసకు మూడు ముక్కలుంటే మూడూ సమానంగా బరువు మోయవు. వెంట్రుకవాసి మందం ఎక్కువున్నది మోస్తుంది, తక్కువున్నది ఊరికే కూర్చుంటుంది. ఆ ఊరికే కూర్చున్నదాన్ని వేలికొసతో వెతికి పట్టుకోవడమే నేర్పు. ఒక ముక్క తీసి పైన పెట్టగానే బరువు మళ్లీ సర్దుకుంటుంది. ఇందాక వదులుగా ఉన్నది ఇప్పుడు బిగుసుకుంటుంది, బిగుతుగా ఉన్నది వదులవుతుంది.

ప్రపంచం ఈ ఆటను జెంగా పేరుతో ఎరుగుతుంది. తూర్పు ఆఫ్రికాలో పుట్టి పెరిగిన లెస్లీ స్కాట్ కుటుంబం 1970ల మొదట్లో ఘనాలో ఉండేది. అక్కడి తాకొరాడి రంపపు మిల్లు నుంచి వచ్చిన కర్రముక్కలతో ఆ ఇంట్లోవాళ్లు ఆడుకున్న ఆటను ఆమె 1983 జనవరిలో లండన్ బొమ్మల ప్రదర్శనలో అమ్మకానికి పెట్టారు. మొదట్లో కొనేవాళ్లు పెద్దగా లేరు. కెనడాకు, అక్కడి నుంచి అమెరికా కంపెనీల చేతికి వెళ్లాక దేశదేశాలకూ పాకింది. 2020లో అమెరికా జాతీయ బొమ్మల గౌరవశాలలో చోటు దక్కింది. మొత్తం 54 ముక్కలు, 18 వరుసలు. ఒక్కో ముక్క ఏడున్నర సెంటీమీటర్ల పొడవు, రెండున్నర వెడల్పు, ఒకటిన్నర మందం. పేరిస్తే సరిగ్గా 27 సెంటీమీటర్ల ఎత్తు. తర్వాత దీనికి రంగులద్దారు, పాచిక జోడించారు, ముక్కల మీద ప్రశ్నలూ చిలిపి పనులూ రాశారు. పట్నాల్లో సెలవురోజు రాత్రి ఇంటిల్లిపాదీ కూర్చుని ఆడే ఆటల్లో ఇది ముందు వరసలో ఉంది.

బత్తలపల్లె లాంటి చోట ఇంటిల్లిపాది అంటే ఎవరన్నదే అసలు విషయం. అనంతపురం పీఠభూమికి నైరుతి మబ్బులు పడమటి కనుమలు దాటి, తడి వదిలేసుకుని వస్తాయి. ఈశాన్య మబ్బులు తూర్పు తీరంలోనే చాలావరకు కురిసేస్తాయి. రెండు ఋతుపవనాలకూ చివరన ఉన్న నేల ఇది. ఏడాది మొత్తానికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టూ పడుతుంది, అదీ పడవలసిన వారంలో పడదు. చెనిక్కాయ (వేరుశనగ) ఎండిపోయిన ఏడాది నడివయసు వాళ్లు బెంగుళూరు బస్సెక్కుతారు. కట్టడాల పనికి కొందరు, కాపలా పనికి కొందరు. ఇంటి దగ్గర అవ్వా తాతా, బడికి పోయే పిల్లలూ మిగులుతారు. రాత్రి అన్నం తిన్నాక వాళ్లు ముగ్గురో నలుగురో. అవ్వకు ఫోన్‌లో పిల్లలు చూసేది అర్థం కాదు. పిల్లలకు అవ్వ చెప్పే పొలం మాటల్లో సగం అర్థం కావు. ఈ రెండు తరాలనూ ఒక్క బల్ల ముందు కూర్చోబెట్టగల వస్తువు కావాలి, దాన్ని మీరు చేయించగలరు. ఈ లేఖ అందుకోసమే.

మామూలు కర్రల గోపురం ఇక్కడ అంతగా పనికిరాదు. అది పూర్తిగా చేతినేర్పు ఆట. పదేళ్ల పిల్ల వేలు నిలకడగా ఉంటుంది. డెబ్భై ఏళ్లు గొర్రు పట్టిన చెయ్యి వణుకుతుంది. మొదటి రెండు ఆటల్లోనే తాత ఓడి, నవ్వేసి, అరుగు మీదికి వెళ్లిపోతాడు. పాతకాలపు ఇంటి ఆటలు ఈ చిక్కు లేకుండా చూసుకున్నాయి. వామనగుంటలకు లెక్క చాలు, పులిజూదానికి ఎత్తు చాలు, అష్టాచెమ్మాకు గవ్వలు పడితే చాలు. ముసలివాళ్లు వాటిలో పిల్లల్ని చిత్తుచేసేవాళ్లు. పేర్చే ఆటలోనూ ఆ వీలు కల్పించాలంటే చేతికి తోడు ఇంకేదైనా పందెంలోకి రావాలి.

అందుకు తగినది పల్లెలో దొరుకుతుంది: కార్తెలు.

సూర్యుడు ఒక్కో నక్షత్రంలో ఉండే పదమూడు, పద్నాలుగు రోజులను ఒక కార్తెగా రైతులు లెక్కపెట్టుకుంటారు. ఏప్రిల్ నడుమ అశ్వినితో మొదలై మళ్లీ ఏప్రిల్‌కు రేవతితో ముగిసే ఈ వరుసలో 27 కార్తెలు. ఒక్కో కార్తెకు రెండు ముక్కలు ఇస్తే 54. గోపురానికి కావలసిన సంఖ్య ఏ సర్దుబాటూ లేకుండా మన పంచాంగంలోనే ఉంది. జంటలో ఒక ముక్క మీద కార్తె పేరు, రెండో దాని మీద ఆ రోజుల్లో పొలంలో జరిగే పని బొమ్మ. రోహిణికి దుక్కి, పునర్వసుకు గొర్రు, మఖకు చెనిక్కాయ ఊడ, స్వాతికి కళ్లంలో వేసిన వామి.

ఆడే తీరు ఇలా ఉంటే బాగుంటుంది. ఆడేది జోడీలుగా: పెద్దవాళ్లు ఒకరు, చిన్నవాళ్లు ఒకరు. చిన్నవాళ్లు ముక్క లాగాలి, పెద్దవాళ్లు దాని గురించి ఒక మాట చెప్పాలి. ఆ కార్తెలో వేసే పంట కావచ్చు, ఒక సామెత కావచ్చు, ఆ రోజుల్లో ఇంట్లో వండుకునేది కావచ్చు, తమ చిన్నప్పుడు ఆ కార్తెలో కురిసిన వానో కురవని వానో కావచ్చు. చెప్పగలిగితే ముక్క పైకెక్కుతుంది. చెప్పలేకపోతే పక్క జోడీ చెప్పవచ్చు. అప్పుడు ఆ ముక్కను పైన ఎక్కడ, ఎలా పెట్టాలో నిర్ణయించే హక్కు వాళ్లది. అంచుకు పెట్టించి గోపురాన్ని ఒరిగించవచ్చు. చెయ్యి ఎంత గట్టిదైనా మాట లేకపోతే గెలవలేరు, మాట ఎంత ఉన్నా చెయ్యి తప్పితే నిలవలేరు. తాత లేకుండా మనవరాలు ఆడలేదు, మనవరాలు లేకుండా తాత ఆడలేడు.

ఇక గోపురం కూలినప్పుడు ఏం జరగాలి? ఇక్కడ జెంగాను పక్కనపెట్టి ఏడు పెంకులాటను తెచ్చుకోవాలి. తెలుగు పల్లెల్లో బంతి, ఏడు చదునైన రాళ్లు ఉంటే చాలు ఈ ఆట మొదలయ్యేది. కన్నడనాట లగోరి అంటారు, ఉత్తరాదిన పిట్టు అంటారు. ఒక జట్టు బంతితో పేర్పును పడగొడుతుంది. పడగొట్టడంతో ఆట అయిపోదు, అక్కడి నుంచే అసలు ఆట. అవతలి జట్టు బంతితో కొట్టేలోగా పడగొట్టినవాళ్లే ఏడు రాళ్లనూ మళ్లీ పేర్చాలి. ఈ పీఠభూమి మీద దీనికి రాళ్ల కొరత ఎన్నడూ లేదు. తాడిపత్రి వైపు నుంచి వచ్చిన నల్ల నాపరాతి ముక్కలు ఇళ్లు కట్టిన ప్రతిచోటా మిగిలిపోయి ఉంటాయి, సమతలంగా, పేర్చడానికే పుట్టినట్టు.

జెంగాలో కూలడం ముగింపు. ఏడు పెంకులాటలో కూలడం మొదలు. బల్ల మీది ఆటకు ఈ రెండో పద్ధతి పట్టించాలి. ఎవరి చేతిలో గోపురం పడిందో ఆ జోడీ, మిగతావాళ్లు వంద లెక్కపెట్టేలోగా ముక్కలన్నీ తిరగేసి, కార్తెల వరుసలో అట్టడుగున అశ్విని నుంచి పైన రేవతి దాకా మళ్లీ కట్టాలి. ఒక్కో కార్తెకు రెండు ముక్కలు, వరుసకు మూడు. అంటే రెండు వరుసలకు మూడు కార్తెలు. పద్దెనిమిది వరుసల్లో ఏడాది మొత్తం పూర్తవుతుంది. వందలోగా కడితే వాళ్లు ఆటలో ఉన్నట్టే, కట్టలేకపోతే బయటికి. నాలుగు రాత్రులు ఆడిన పిల్లకు ఇరవై ఏడు పేర్లూ వరసగా నోటికొస్తాయి. బట్టీ పట్టించనక్కర్లేదు.

ఈ జ్ఞానం పిల్లలకు ఎందుకు అన్న ప్రశ్నకు బత్తలపల్లె పొలాలే జవాబు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని పెద్దలంటారు. మే 25 చుట్టూ మొదలయ్యే ఆ రెండు వారాలు ఇక్కడ నిజంగానే నిప్పుల కొలిమి. ఆరుద్ర కురిస్తే దారిద్ర్యం లేదంటారు. జూన్ 22 చుట్టూ వచ్చే ఆ పదును మీదే చెనిక్కాయ రైతు గొర్రు కడతాడు. ఆలస్యమైతే పునర్వసు. విత్తిన నలభై అయిదు, యాభై రోజులకు పూత వచ్చి ఊడలు నేలలోకి దిగుతాయి. లెక్కవేసి చూస్తే అది ఆగస్టు రెండో సగం, సెప్టెంబరు మొదలు, అంటే మఖ, పుబ్బ. ఎర్రనేల అప్పుడు గట్టిపడిపోతే ఊడ దిగదు, దిగినా కాయ ఊరదు. మఖ, పుబ్బలు వరపైతే మహా కాటకమన్న మాట ఈ నేలలో ఊరికే పుట్టలేదు. పైరు పచ్చగానే కనిపిస్తుంది, పీకితే కాయలుండవు. అనంతపురం కరువును బయటివాళ్లు తరచూ తప్పుగా అర్థం చేసుకునేది ఇక్కడే. మొత్తం వాన తక్కువన్నది కథలో సగమే. ఊడ దిగే వారాల్లో వాన లేకపోవడం మిగతా సగం.

కార్తెలు వాన రాకను ముందే చెప్పే యంత్రాలు కావు. వాతావరణ శాఖ సూచనకు అవి బదులు కాదు. అవి ఏడాదికి కట్టుకున్న చిరునామాలు: ఏ వారంలో ఏ పైరు ఏ దశలో ఉంటుంది, ఆ దశకు నీళ్లు ఎంత అవసరం అన్నది గుర్తుపెట్టుకునే పద్ధతి. బెంగుళూరులో పుట్టి సెలవులకు వచ్చే పిల్లకు వాళ్ల నాన్న ఎందుకు ఊరు వదిలాడో ఒక్క మఖ ముక్క చేతిలో పెట్టి అవ్వ చెప్పగలదు. పాఠ్యపుస్తకంలో ఆ సంగతి అలా ఉండదు.

ఇప్పుడు తయారీ సంగతి. ఇది మీ సంస్థకు బాగా తెలిసిన విషయమే అయినా, గోపురం ఆటకు ప్రత్యేకంగా కొన్ని మెళకువలు కావాలి.

అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలో అంకుడు కర్రను లేత్ మీద తిప్పుతూ లక్క రంగులద్దుతారు. 2017లో ఆ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ప్రకృతి రంగులను మళ్లీ వాడుకలోకి తెచ్చిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ దక్కింది. 2025 గణతంత్ర దినోత్సవ కవాతులో రాష్ట్ర శకటం ఈ బొమ్మలదే. మెత్తగా, మృదువుగా, నార సన్నగా ఉండే అంకుడు కోతకు బాగా లొంగుతుంది. కానీ ముక్క అంతటా లక్క పూస్తే ఆట పాడవుతుంది. నున్నటి లక్క మీద ముక్కలు జారిపోతాయి, వేసవిలో ఒకదానికొకటి అంటుకుంటాయి. కాబట్టి వెడల్పు ముఖాలు ఉత్త కర్రగానే ఉండాలి. లక్క రంగు రెండు చిన్న కొసలకే: వేసవి కార్తెలకు ఒక రంగు, ముంగారికి (నైరుతి వానలకు) ఒకటి, హింగారికి (ఈశాన్య వానలకు) ఒకటి, చలికాలానికి ఒకటి. కార్తె పేరూ బొమ్మా వెడల్పు ముఖం మీద కాల్చి అచ్చువేస్తే మందం పెరగదు, గోపురంలో ఉన్నప్పుడు బయటికి కనిపించవు, లాగాకే తెలుస్తాయి. కొస రంగును బట్టి ఏ కాలపు ముక్కో మాత్రం ముందే తెలుస్తుంది. ముంగారి సంగతులు బాగా తెలిసిన తాత, 'ఆ పచ్చది లాగు పాపా' అని మనవరాలికి చెప్పుకోవచ్చు.

ఇంకొక మాట కర్ర ఆరబెట్టడం గురించి. తీరపు తేమలో కోసిన ముక్క ఈ పీఠభూమి ఎండకు వచ్చేసరికి అడ్డంగా కుంచించుకుపోతుంది. ముక్కలన్నీ ఒకేలా కుంచించుకుంటే నష్టం లేదు. పచ్చిదీ ఎండుదీ కలిసిపోతే కొన్ని ముక్కలు వంకరపోయి గోపురం నిలవదు. పూర్తిగా ఆరిన కర్రే వాడాలి, ఒక పెట్టెలోని 54 ముక్కలూ ఒకే కోతలోవి కావాలి. వెంట్రుకవాసి తేడాలు మాత్రం ఉండనివ్వాలి. అన్నీ యంత్రంలో పోసినంత సమానమైతే వదులు ముక్కలే దొరకవు, ఆటే సాగదు. చేతిపనిలో సహజంగా వచ్చే ఆ తేడా ఇక్కడ లోపం కాదు, సరుకుకు కావలసిన గుణం. ఒక పెట్టెకు రంపపు పొట్టు పోను పట్టే కర్ర సుమారు 1,500 ఘన సెంటీమీటర్లు మాత్రమే. పెద్ద బొమ్మలు చేయగా మిగిలిన తునకల్లోంచే చాలా ముక్కలు తీయవచ్చు. బత్తలపల్లె, ధర్మవరం వైపు వడ్రంగులకు ఎడ్లబండ్ల పని పోయింది. వాళ్లకు కొలతలిచ్చి కోత పని అప్పగించి, రంగుకు ఏటికొప్పాకకు పంపే దారి కూడా ఆలోచించదగ్గదే.

బొమ్మలకు ఎక్కడికో వెళ్లనక్కర్లేదు. ధర్మవరం మండలం నిమ్మలకుంటలో తోలుబొమ్మల కళాకారులున్నారు. మేకతోలును పలచగా చేసి, రంధ్రాలు పొడిచి, రంగులు నింపి రామాయణ పాత్రలను నిలబెట్టిన కుటుంబాలవి. ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. ఆటలు చూసేవాళ్లు తగ్గాక ఆ చేతులు దీపపు తెరలు చేస్తున్నాయి. ఇరవై ఏడు పనుల గీతలు వాళ్లు గీస్తే, వాటిని లోహపు అచ్చులుగా మార్చుకోవచ్చు. గొర్రు తోలే మనిషి, కలుపు తీసే ఆడవాళ్లు, వామి వేసే జట్టు: ఏ కంపెనీ బొమ్మల్లోనూ కనిపించని మనుషులు ఆ గీతల్లో కనిపిస్తారు.

చట్టం అడ్డురాదు, తోడ్పడుతుంది. 2021 జనవరి 1 నుంచి దేశంలో అమ్మే బొమ్మలకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి చేసిన నాణ్యత నియంత్రణ ఉత్తర్వు, హస్తకళల అభివృద్ధి కమిషనర్ వద్ద నమోదైన కళాకారులు చేసి అమ్మే బొమ్మలకూ, భౌగోళిక గుర్తింపు ఉన్న బొమ్మలకూ మినహాయింపు ఇచ్చింది. ఆ వెసులుబాటు ఈ ఆటకు ఎలా వర్తిస్తుందో మీరు చూసుకోవచ్చు. జెంగా అన్న పేరు ట్రేడ్‌మార్కు కనుక దాని జోలికి వెళ్లవద్దు. 'కార్తెల గోపురం' అంటే తెలుగు ఇంట్లో వెంటనే అర్థమవుతుంది.

కొనేవాళ్లు ఎవరన్నదానికి మూడు చోట్లు కనిపిస్తున్నాయి. మొదటిది బడి. 2020 జాతీయ విద్యా విధానం బొమ్మల ద్వారా చదువు చెప్పమంది, చిన్న తరగతుల కోసం కేంద్రం 2023 ఫిబ్రవరిలో 'జాదుయీ పిటారా' అనే ఆటల పెట్టెను విడుదల చేసింది, రాష్ట్రంలో శనివారాన్ని పుస్తకాల సంచి లేని రోజుగా ప్రకటించారు. ఆ శనివారానికి బత్తలపల్లె బడిలో ఒక అవ్వనో తాతనో పిలిచి జోడీ కట్టించవచ్చు. రెండోది ఊళ్లోనే ఉన్న ఆర్డీటీ ఆసుపత్రి. 1969లో అనంతపురం వచ్చిన విన్సెంట్ ఫెర్రర్ స్థాపించిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు దీన్ని నడుపుతోంది. చుట్టుపక్కల మండలాల నుంచి వచ్చిన కుటుంబాలు రోజుల తరబడి అక్కడ పడిగాపులు పడతాయి. పిల్లల వార్డు దగ్గర ఒక పెట్టె ఉంటే ఆ కూర్చున్న గంటలకు పని దొరుకుతుంది. మూడోది అన్నిటికన్నా పెద్దది: బెంగుళూరు, హైదరాబాదు, అమెరికా చేరిన రాయలసీమ కుటుంబాలు. పిల్లలకు తెలుగు నేర్పాలని వాళ్లు పడే తపనకు ఇది ఒక రాత్రి ఆట రూపంలో దొరికితే కాదనరు.

ఒక ఇబ్బంది ముందే చెప్పాలి. కార్తెల పేర్లు రాష్ట్రమంతటా ఒకటే, పనులు ఒకటి కావు. పునర్వసులో అనంతపురం రైతు చెనిక్కాయ విత్తుతుంటే గోదావరి డెల్టా రైతు నారుమడి చూసుకుంటాడు. హస్త, చిత్త వచ్చేసరికి తీరం తుఫానులకు భయపడుతుంది, ఇక్కడివాళ్లు ఆ తుఫాను విసిరే నాలుగు చినుకుల కోసం ఎదురుచూస్తారు. అందుకని ఒకే బొమ్మల వరుసను రాష్ట్రం మీద రుద్దవద్దు. పేర్ల ముక్కలు అందరికీ ఒకటే ఉంచి, పనుల ముక్కలను సీమకు ఒక రకం, డెల్టాకు ఒక రకం, ఉత్తరాంధ్రకు ఒక రకం చేయించండి. రెండు రకాలు పక్కపక్కన పెట్టుకుని ఆడితే పిల్లలకు రాష్ట్రం పటం కన్నా బాగా అర్థమవుతుంది.

కోరేది ఇంతే. ముందుగా కొద్ది పెట్టెలు, సీమ రకం ఒక్కటే చేయించండి. పనుల జాబితా కార్యాలయంలో కూర్చుని రాయించవద్దు. మీ డిజైనరును ఒకరిని మఖ, పుబ్బ రోజుల్లో బత్తలపల్లెకు పంపండి. చెనిక్కాయ చేలలో ఊడలు దిగే కాలమది, రైతులు ఆకాశం చూస్తూ గట్ల మీదే దొరుకుతారు, ఏ కార్తెకు ఏ బొమ్మ వేయాలో వాళ్లే చెబుతారు. తర్వాత నిమ్మలకుంటలో గీతలు, చలికాలంలో కోత, రంగు. సరుకు మార్చి ఆఖరుకల్లా మీ దుకాణాలకు చేరితే, వేసవి సెలవులకు బెంగుళూరు నుంచి పిల్లలు ఊరికి వచ్చేసరికి పెట్టె అవ్వ చేతిలో ఉంటుంది.

ఇట్లు
బత్తలపల్లె, శ్రీ సత్యసాయి జిల్లా